నాన్నగారి పడవకు ఏ రంగు

మా నాన్నగారికి చూపు పోతోందన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనకూడదన్న సంగతీ అందరికీ తెలుసు. అందరూ అంటే ఎంతమందిమి? ఆయనా, అమ్మా, నేనూ. అందుకని ఆ విషయం మీద మాట్లాడుకోవలసిందంతా మేము పడవ రంగు మీదుగా మాట్లాడుకున్నాం. ఈ ఏడు ఏ రంగు వేయించాలి, పోయినేడు వేసిన రంగుకేం రోగమొచ్చింది, ఎరుపైతే మంచిదా, పసుపైతే మంచిదా. బయటివాళ్ళు వింటే వీళ్ళకింక వేరే పనేమీ లేదు కాబోలు అనుకునేవారు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులవి. నాన్నగారు కాలువల మీద, పడవలను పై మట్టం నుంచి కింది మట్టానికి దాటించే లాకులకు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఎక్కువ కాలం తాడేపల్లిగూడెం వైపే గడిచింది. ఆఖరుకు ఏలూరులో కాలువ గట్టున చిన్న పెంకుటింట్లో స్థిరపడ్డాం. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మని. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు నేను చెప్పే జవాబు విన్నాక రెండోసారి ఎవరూ అడిగేవారు కారు. నాకు ముక్కు మీదే కోపమని మా చర్చిలో పేరు. ఆ కోపం అమ్మ నుంచి మాత్రం రాలేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం లాకు తలుపులు తీయించి, మూయించి, ఊళ్ళవాళ్ళ పడవలన్నిటినీ దాటించిన మనిషికి తనకంటూ ఒక పడవ లేదు. రిటైరవగానే తాడేపల్లిగూడెంలో పాత పరిచయమున్న పడవల వడ్రంగుల చేత టేకుతో ఒక చిన్న షికారు పడవ చేయించారు. ఇద్దరు కూర్చుంటే హాయిగా ఉంటుంది, మూడోవాళ్ళెక్కితే ఇరుకు. సరుకు వేయడానికి పనికిరాదు, చేపలు పట్టడానికీ పనికిరాదు. ఎందుకండీ ఇది అని అమ్మ అడిగితే తిరగడానికి అన్నారు. ఎక్కడ తిరగడానికి అని అడిగింది. కొల్లేట్లో అన్నారు. కొల్లేట్లో ఏముందని మళ్ళీ అడిగింది. నీళ్ళున్నాయి అన్నారు. అక్కడితో ఆ సంభాషణ ముగిసింది.

మా వైపు పడవలన్నీ నల్లనివే. ధాన్యం మోసే పెద్ద పడవలైనా, కొల్లేటి లంకల వాళ్ళు తాటిమాను తొలిచి చేసుకునే దోనెలైనా తారు పూసుకోవలసిందే. తారు పడవతో బాధ లేదు. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేసినప్పుడు దాన్ని తీసుకెళ్ళి ఏ చెరువులోనో ముంచేస్తారు. చెక్క నీళ్ళలో నానుతూ బిగువు పోకుండా ఉంటుంది. మళ్ళీ కాలువకు నీళ్ళొదిలాక పైకి తేల్చి, లోపలి నీళ్ళు తోడిపోసి ఎక్కి కూర్చుంటారు. రంగు పడవను అలా ముంచడానికి లేదు. ముంచితే రంగు బొబ్బలెక్కి ఊడిపోతుంది. పోనీ ఒడ్డున ఎండలో వదిలేద్దామా అంటే పలకలు ఎండి సందులిస్తాయి. తాటాకు పందిరి వేసి, దాని కింద బోర్లించి, నీడపట్టున ఆరబెట్టాలి. పాత రంగు గీకాలి. పలకల సందుల్లో పత్తీ గుగ్గిలమూ కూరాలి. లప్పం పెట్టి, గరుకు కాయితంతో రుద్ది, అప్పుడు అవిసె నూనెలో కలిపిన రంగు పూత మీద పూత వేసి, ఆ పైన వార్నీషు. వడ్రంగులు కూడా తారే పూయించుకోమన్నారు. నాన్నగారు వినలేదు. నా ఉద్యోగమంతా తారు వాసనలోనే గడిచింది, ఇక చాలు అన్నారు.

రంగు వేయడానికి జట్కా బండ్లకు రంగులు వేసే సాయిబు గారు వచ్చారు. ఏలూరు జట్కాల మీద పువ్వులూ లతలూ వేయడంలో ఆయనకు పేరు. మంచి మాటకారి. తన చేతి పని తనకే ముద్దు. పడవ పక్కల మీద కూడా లతలు వేస్తాననీ, ముక్కు దగ్గర ఒక నెమలిని పెడతాననీ పట్టుబట్టారు. నాన్నగారు ఒప్పుకోలేదు. ముదురు నీలం, ఒకే రంగు, అంతే అన్నారు. సాయిబు గారు చిన్నబుచ్చుకున్నారు గాని, ఆరాక దూరంగా నిలబడి చూసుకుని, లతలు లేకపోవడమే నయమయిందని తానే చెప్పినట్టు మాట్లాడారు.

నిజంగా బాగుండేది ఆ నీలం. పొద్దున్నే నీళ్ళ మీది వెలుగు దాని పక్కల మీద ఆడుతుంటే, బడికి ఆలస్యమవుతుందని తెలిసీ నేను గట్టు మీద నిలబడి చూసేదాన్ని. ముదురు రంగుతో వచ్చే తంటాలు తర్వాత తెలిశాయి. చిన్న గీత పడినా తెల్లగా బయటపడేది. మధ్యాహ్నం ఎండకు చెయ్యి పెట్టలేనంతగా కాలేది. ఆ వేడికి సందుల్లో గుగ్గిలం మెత్తబడి కారేది. నాన్నగారు ఆదివారం ఆరాధన అయ్యాక మైనం ముద్ద గుడ్డలో చుట్టుకుని పడవ పక్కలు రుద్దుతూ కూర్చునేవారు. విశ్రాంతి దినాన పనేమిటండీ అని అమ్మ అంటే ఇది పని కాదు అనేవారు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఆయన రేవులో పడవ ఎక్కబోయి, పడవకూ మెట్టుకూ మధ్య నీళ్ళలో కాలు వేశారు. నడుం దాకా తడిసి ఇంటికొచ్చి, మెట్టు నాచు పట్టిందన్నారు. పొద్దున్నే నేను వెళ్ళి చూశాను. మెట్టు మీద నాచు లేదు. ఆ తర్వాత సాయంత్రపు ప్రార్థనలో ఒకటి గమనించాం. బైబిలు వాక్యం చదివేది ఎప్పుడూ ఆయనే. చదువుతూనే ఉన్నారు, మాట తడబడలేదు, కాని చేయి పేజీ తిప్పవలసిన చోట తిప్పలేదు. చాలాసేపటికి గుర్తొచ్చినట్టు తిప్పారు. అంతా కంఠతా చెబుతున్నారన్నమాట. అమ్మ నా వంక చూసింది. నేను దీపం వంక చూశాను.

మిషన్ ఆస్పత్రిలో కంటి డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, శుక్లమైతే తీసేసేవాణ్ణనీ, ఇది కంటి వెనక నరం ఎండిపోవడమనీ, దానికి మందు లేదనీ చెప్పాడు. ఎంత కాలం అని నేను అడిగాను. కొందరికి త్వరగా, కొందరికి నెమ్మదిగా అన్నాడు. ఆ జవాబుకి నాకు ఒళ్ళు మండిపోయింది. అది చెప్పడానికి అన్ని అద్దాలెందుకు, అంత చదువెందుకు అని మొహానే అడిగేశాను. నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, డాక్టరుగారికి కృతజ్ఞతలు చెప్పి బయటికి నడిచారు.

ఇంటికి రాగానే అమ్మ మొదట అన్న మాట పడవ గురించే.

“ఏవండీ, ఆ పడవ అమ్మేయండి. మీకు దణ్ణం పెడతాను.”

నాన్నగారు చెప్పులు విప్పుతూ నిదానంగా చెప్పారు. “ఒడ్డున నిలబడితే నా పడవ నాకు కనబడినంతకాలం ఎక్కుతాను. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా ఎక్కుతాను. కనబడని రోజున నేనే అమ్మేస్తాను. నువ్వడగనక్కర్లేదు.”

ఆయన మాట ఇచ్చారంటే తిరుగులేదని అమ్మకు తెలుసు. ఇక ఆ ఊసు ఎత్తలేదు. కాని ఆ రోజు నుంచీ ఆయన పడవ ఎక్కే వేళకు ఏ పని మీదున్నా వదిలేసి వచ్చి, కిటికీ పక్కన నిలబడి చూసేది. పడవ పోతే ఆయన ప్రాణాలతో ఉంటారని అమ్మ నమ్మకం. పడవ పోతే ఆయనలో ఇంకేమీ మిగలదని నా నమ్మకం. ఆ సంగతి మీద మేమిద్దరం ఎన్నిసార్లు మాటా మాటా అనుకున్నామో లెక్కలేదు, వంటింట్లో, గొంతులు తగ్గించి.

మరుసటి వేసవిలో కాలువలు కట్టేయగానే సాయిబు గారు వచ్చారు. నీలమే కదండీ అయ్యగారూ అన్నారు. నాన్నగారు కాదన్నారు. నీలం మరీ వేడెక్కిపోతోంది, లేతాకుపచ్చ వేయండి, నారుమడి రంగు అన్నారు. చెప్పిన కారణంలో అబద్ధమేమీ లేదు. లేత రంగు నిజంగానే చల్లగా ఉంటుంది. కాని సాయంత్రమైతే నీలం పడవ నీళ్ళలో కలిసిపోతోందనీ, అంచు ఎక్కడుందో నీళ్ళెక్కడున్నాయో ఆయనకు తెలియడం లేదనీ మా ముగ్గురికీ తెలుసు. సాయిబు గారికీ తెలిసే ఉంటుంది. పడవ లోపలివైపు అంచు మీద, అడక్కుండానే, తెల్లటి పట్టీ ఒకటి వేసి పెట్టారు. అందానికండీ అన్నారు. నాన్నగారు ఆ పట్టీ మీద వేలు రాసి చూసుకుని, బాగుందన్నారు.

ఆకుపచ్చ పడవలో నేను ఆయనతో చాలాసార్లు కొల్లేటికి వెళ్ళాను. సెలవు రోజున చద్దన్నం మూట కట్టుకుని తెల్లవారుతుండగా బయల్దేరితే ఎండ ముదిరేసరికి సరస్సులో ఉండేవాళ్ళం. నిలువెత్తు కిక్కిస గడ్డి మధ్య సన్నటి నీటిదారులు. ఆ దారుల్లో ఆయన తెడ్డు వేస్తుంటే చప్పుడు ఉండేది కాదు. కొంగలు కూడా లేచిపోయేవి కావు. నీటి వాసనను బట్టీ, గాలి తగిలే వైపును బట్టీ, లంకల్లో కుక్కల అరుపులను బట్టీ ఎక్కడున్నామో చెప్పేవారు. కలిదిండి వైపు నుంచి వచ్చే పడవలేవో, మన వైపువేవో తెడ్డు చప్పుడు విని చెప్పేవారు. ఆ పడవలో ఉన్నంతసేపూ ఆయనకు ఏ లోటూ లేదు. లోటంతా ఒడ్డున, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉండేది. లంక రేవులో పడవ కట్టేసి ఊళ్ళోకి వెళ్ళి తిరిగొచ్చాక ఆకుపచ్చ పడవ గడ్డిలో కలిసిపోయి ఆయనకు దొరికేది కాదు. నేను చూస్తున్నానని తెలిసి, గట్టు మీద ఆగి, తలపాగా సర్దుకుంటున్నట్టు నటిస్తూ వెతుక్కునేవారు. నేను ముందు నడిస్తే ఒప్పుకునేవారు కారు. వెనకనే నిలబడి పళ్ళు బిగబట్టి, ప్రభువా, ఆయనకు కనబడనీ అని ప్రార్థించేదాన్ని. కనబడేది.

ఆ తర్వాతి వేసవికి ఆకుపచ్చ మీద నాచు పడితే తెలియడం లేదు కాబట్టి ఎరుపన్నారు. సింధూరపు ఎరుపు. అది చూసి ఊరంతా నవ్వింది. జాతర పడవ అన్నారు, దీనికి గంటొకటి కడితే సరిపోతుందన్నారు. మా బడిలో ఒక పంతులమ్మ నవ్వబోతే నేను ఆవిడతో ఏడాది పొడుగునా మాట్లాడలేదు.

ఆ ఎరుపు వేసేటప్పుడే ఒక పొరపాటు జరిగింది. చెక్క ఆరిందో లేదో చూసి చెప్పేది ఎప్పుడూ నాన్నగారే. తడి ఉన్న పలకకూ ఆరిన పలకకూ ఛాయలో చిన్న తేడా ఉంటుంది, అది పట్టుకోవడంలో ఆయన దిట్ట. ఆ ఏడు కూడా అలాగే వంగి చూసి, ఆరింది, వేసేయండి అన్నారు. సాయిబు గారు ఒకసారి పలక మీద అరచెయ్యి ఆనించి ఏదో అనబోయి, ఊరుకుని, వేసేశారు. కాలువకు నీళ్ళొచ్చిన కొద్ది రోజులకే అడుగు దగ్గర ఎరుపంతా బొబ్బలు లేచి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నాకు సాయిబు గారి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. తడి అని తెలిసీ ఎందుకు వేశారని వీధిలోనే నిలదీశాను. ఆయన కుంచె గుడ్డతో తుడుచుకుంటూ, “పడవకి మళ్ళీ వేసుకోవచ్చండీ పంతులమ్మగారూ. అయ్యగారి మాట ఆయన ముందరే కాదని ఎలాగనమంటారు?” అన్నారు. మర్నాడే పడవను ఒడ్డుకు లాగించి ఆ మేరకు గీకి, ఆరబెట్టి, మళ్ళీ వేశారు. రంగు డబ్బా పాడైందండీ, దుకాణంవాడు మోసం చేశాడు అని నాన్నగారితో చెప్పారు. నాన్నగారు తలూపి విన్నారు. నమ్మారో లేదో నేనిప్పటికీ చెప్పలేను.

ఎరుపు ఎండకు నిలవదు. ఏడాది తిరక్కుండానే సుద్దలాగా రాలడం మొదలుపెట్టింది. చెయ్యి ఆనితే చెయ్యి, చీర ఆనితే చీర ఎర్రనయ్యేవి. దాంతో ఆయనకు మళ్ళీ కారణం దొరికింది. ఈసారి పసుపు, గుమ్మడిపువ్వు రంగు అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది గాని, నేను మనసులో లెక్క వేసుకున్నాను. పసుపు తర్వాత ఇంక ఏ రంగుందని? అంతకన్నా వెలుగైనది తెలుపొక్కటే, అది నీళ్ళ మెరుపులో కలిసిపోతుంది.

పసుపు పడవకు చాకిరీ ఎక్కువ. ప్రతి మరకా కనబడుతుంది. కొల్లేటికి వెళ్ళొచ్చినప్పుడల్లా నీటిమట్టం ఆనినంత మేర బురద చార కట్టేది. కుంకుడురసం పోసి కొబ్బరిపీచుతో రుద్ది కడిగేవాళ్ళం, ఆయన ఒకవైపు, నేనొకవైపు. మొదట్లో తన వైపు తానే చూసుకునేవారు. తర్వాత తర్వాత, “ఇక్కడ పోయిందామ్మా?” అని అడగడం మొదలుపెట్టారు. పోయిందండీ నాన్నగారూ అనేదాన్ని. పోకపోతే ఆయన లోపలికి వెళ్ళాక నేను మళ్ళీ రుద్దేదాన్ని.

ఆ శీతాకాలం చివర, కొల్లేట్లో నీళ్ళు తగ్గి, కిక్కిస గడ్డంతా ఎండి పసుపుపచ్చగా మారిన రోజుల్లో ఒక లంకకు వెళ్ళాం. ఆయన దగ్గర లాకు మీద పనిచేసిన ముసలాయన ఒకరు అక్కడ ఉండేవారు. నాన్నగారు ఆయన ఇంటి అరుగు మీద కబుర్లలో పడితే, నేను మా బడిలో చదువుకున్న అమ్మాయి ఆ లంకలోనే చిన్న బడి నడుపుతోందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మాటల్లో ఆలస్యమైంది. నాన్నగారు నా కోసం ఆగకుండా రేవుకు బయల్దేరారట. నేను పరుగున వచ్చేసరికి ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదిరేలా ఉంది. మా పసుపు పడవ కట్టేసిన చోటే ఉంది, ఎండు గడ్డి పక్కన. మా నాన్నగారు ఒక నల్లటి దోనెలో కూర్చుని, తాడు విప్పుకుని, రేవు వదిలి కొంత దూరం వెళ్ళిపోయి ఉన్నారు.

ఆయన తప్పు పడవ ఎక్కారు. కాలువ మీద ప్రతి పడవనీ చప్పుడుతో పోల్చిన మనిషి, వేరేవాళ్ళ తారు దోనె విప్పుకుని వెళ్ళిపోతున్నారు. ఆ దోనె తనదైన లంక మనిషి ఒకావిడ చేపల తట్ట నడుం మీద పెట్టుకుని నా పక్కనే నిలబడి చూస్తోంది. నేను పిలవడానికి నోరు తెరిచాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపి, తానే పిలిచింది.

“అయ్యగారూ, తీసుకెళ్ళండి, పర్లేదు. మీకు దోనె కావాలంటే మేం కాదంటామా? పొద్దున్న మావోడొచ్చి తెచ్చుకుంటాడు లెండి.”

ఆ మాట చేరేసరికే నాన్నగారి చెయ్యి దోనె అంచు మీద ఉంది. ఏళ్ళ తరబడి తానే రుద్ది నున్నగా చేసుకున్న అంచు కాదది. ఎండకు మెత్తబడ్డ తారు అరచేతికి అంటుకుని ఉంటుంది. ఆయన తెడ్డు వేయడం మానేశారు. దోనె దానంతటదే కొంచెం తిరిగి ఆగింది. తర్వాత ఆ గొంతు వచ్చిన వైపుకి నెమ్మదిగా తెడ్డేసుకుంటూ వెనక్కి వచ్చారు. దిగి, ఆవిడ ఎక్కడుందో పోల్చుకుని, చేతులు జోడించి నమస్కారం పెట్టారు. ఆవిడ తట్ట కింద పెట్టి తిరిగి దణ్ణం పెట్టింది. మా పడవ దగ్గరికి నేను ముందు నడిచాను. ఈసారి ఆయన వద్దనలేదు.

ఇంటికొచ్చి గోలెం దగ్గర కూర్చుని ఇసుకతో చెయ్యి తోముకున్నారు. తారు పోలేదు. అమ్మ వచ్చి ఆ చెయ్యి చూసింది. పసుపు పడవలో వెళ్ళిన మనిషి చేతికి తారెలా వచ్చిందని అడుగుతుందనుకున్నాను. గుడ్డ ముక్క కిరసనాయిలులో ముంచి తెచ్చి, ఆయన పక్కన కూర్చుని, వేలు వేలూ తుడిచింది. ఆయన చెయ్యి అమ్మ ఒళ్ళో పెట్టి మొహం అటు తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఆయన పడవ జోలికి వెళ్ళలేదు. పడవ రేవులో ఊరికే ఉండేది. ఆయన వరండాలో ఊరికే ఉండేవారు. అన్నం దగ్గర ఏది వడ్డిస్తే అది తినేవారు, మానేస్తే మానేసేవారు. పడవ అమ్ముతారని ఎలా తెలిసిందో, గుండుగొలను నుంచి ఒక ఆసామి వచ్చి అడిగాడు. కాలువ కట్టేయనీయండి, అప్పుడు చెబుతాను అన్నారు నాన్నగారు. ఆయన మాట ఆయనకు గుర్తుంది. ఆ ఆసామి అటు వెళ్ళగానే నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మ మీద విరుచుకుపడ్డాను. నీ కోరిక తీరబోతోంది, సంతోషమేనా, ఆ పడవ పోయాక ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపడం నీ తరమా అని నోటికొచ్చినట్టు అడిగాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆపింది.

“నాకు కనబడడం లేదనుకున్నావా?” అంది. మళ్ళీ చెరగసాగింది.

కాలువలు కట్టేశారు. ఎప్పటిలాగే మనుషుల్ని పెట్టి పడవను పైకి లాగించి పందిరి కింద బోర్లించారు. అది రంగు వేయడానికో, గుండుగొలను పంపడానికో మాలో ఎవరికీ తెలియదు. సాయిబు గారు మాత్రం ఏమీ ఎరగనట్టు డబ్బాలూ కుంచెలూ పట్టుకుని వచ్చేశారు. వరండాలో నాన్నగారి ఎదుట నిలబడి, ఈ ఏడు ఏ రంగండీ అయ్యగారూ అని అడిగారు.

నాన్నగారు కుర్చీ చేతిని అరచేత్తో రుద్దారు. తర్వాత, “అమ్మగారినడగండి” అన్నారు.

పడవ కట్టించిన నాటి నుంచీ దాని మీద మేకు దిగగొట్టాలన్నా ఆయన ఎవరినీ అడిగింది లేదు. అమ్మ తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఇప్పుడు అమ్మేయమని అమ్మ ఒక్క మాట అంటే చాలు, అయిపోతుంది. ఆ మాట అనే హక్కు ఆవిడకు ఆయనే ఇచ్చారు. అమ్మ పందిరి దాకా నడిచి, బోర్లించిన పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. వేలితో పసుపు పెచ్చు ఒకటి గీకి చూసింది.

“వంకాయరంగు వేయండి సాయిబు గారూ” అంది.

సాయిబు గారు ఇరుకున పడ్డారు. ఆ రంగు పడవలకు పనికిరాదన్నారు. అన్నిటికంటే ముందు వెలిసిపోయేది అదేననీ, పైగా ముదురు రంగనీ, సాయంత్రమైతే నీళ్ళలో అసలు కనబడదనీ చెబుతూ చెబుతూ, ఏమంటున్నారో అప్పుడు తెలిసి, నాలిక్కరుచుకున్నారు.

“వెలిసిపోతే వచ్చే ఏడు మళ్ళీ వేయిద్దాం” అంది అమ్మ. “దాన్ని చూసేది నేను కదా. నాకు నచ్చిన రంగు వేయండి.”

నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పందిరి వైపు కాదు, అమ్మ గొంతు వచ్చిన వైపు చూశారు. “నువ్వెక్కుతావా?” అన్నారు.

“ఎక్కకపోతే మీకు దారెవరు చెబుతారండీ?”

ఆయన మళ్ళీ కూర్చున్నారు. రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. సాయిబు గారు డబ్బాలు ఎత్తుకుని గబగబా పందిరి కిందికి వెళ్ళిపోయి, అప్పుడే గీకుడు మొదలుపెట్టారు. ఆ గీకుడు చప్పుడులో నాన్నగారి ఏడుపు ఎవరికీ వినబడలేదు. నేను చూశాను గాని వినలేదు.

నీళ్ళొదిలిన వారానికి పడవను దింపాం. అమ్మ అప్పటిదాకా ఆ పడవలో అడుగు పెట్టలేదు. నీళ్ళంటే ఆవిడకు చచ్చేంత భయం. ముందు తాను ఎక్కి, ఊగుతుంటే కళ్ళు మూసుకుని పలక పట్టుకుని కూర్చుని, తర్వాత కళ్ళు తెరిచి చెయ్యి చాపింది. నాన్నగారు ఒడ్డున ఆగారు. అప్పుడు ఆయన తన చెయ్యి గాల్లోకి చాపారు, ఎక్కడుందో తెలియక కొంచెం పక్కకి. అమ్మ అందుకుని పట్టుకుంది. ఆయన ఎక్కి తెడ్డు తీసుకున్నారు.

పడవ రేవు వదిలి మలుపు దాకా తిన్నగా వెళ్ళింది. అక్కడ నాన్నగారు తెడ్డు పైకెత్తి పట్టుకుని, “ఎటు?” అని అడగడం నాకు వినబడింది. జన్మంతా ఆ కాలువ మీద వచ్చేపోయేవాళ్ళకు దారి చెప్పిన మనిషి. అమ్మ పలక వదలకుండానే ఎడమకండీ అని చెప్పింది. ఆయన ఎడమకు తిప్పారు. నేను గట్టు మీద కూలబడి, చూసేవాళ్ళు చూస్తున్నా సరే, వెక్కి వెక్కి ఏడ్చాను.